లేని మొక్కకు ఉన్న పేరు

నేను ఒక మడత లెన్సును. పిల్లలు ఎండలో పట్టుకుని కాగితం కాల్చే భూతద్దంతో దయచేసి నాకు చుట్టరికం కలపకండి. నా అద్దం మీ బొటనవేలి గోరంత. ఇత్తడి తొడుగులోంచి బయటికి వచ్చి, పని అయ్యాక మళ్లీ అందులోకే మడుచుకుంటాను. ఉన్నదాన్ని పదింతలు చేసి చూపిస్తాను. లేనిదాన్ని చూపించడం నాకు చేతకాదు. నన్ను పట్టుకున్న చేతులకు నా మీద విసుగు కలిగిందంటే అది ఆ చేతకానితనం వల్లే.

పుట్టింది అంబాలాలో. అద్దాలు సానపట్టే ఒక ముసలాయన నన్ను పూర్తి చేసి, ముందుగా తన బొటనవేలినే నాలోంచి చూసుకున్నాడు. దుక్కి దున్నిన చేనులాగా చాళ్లు చాళ్లుగా ఉంది ఆ వేలు. ఆయన మురిసిపోయి, నా మీద ఒకసారి ఊది, పెట్టెలో పెట్టాడు. నేను లోకంలో చూసిన మొదటి పొలం అదే. ఎంత బాగుందో!

మద్రాసు దుకాణంలో నన్ను కొన్నాయన పేరు ఓబుళరెడ్డి. రాయలసీమలో ఒక విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పడానికి కొత్తగా చేరినవాడు. నాకు నల్లదారం కట్టి మెడలో వేసుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయన చూసిందల్లా నేనూ చూశాను. తుమ్మి పువ్వు పెదవి, ఉత్తరేణి గింజ కొక్కెం, దురదగొండి వెంట్రుకలో నిలిచిన రసం. ఆయన ఆకును కంటి దగ్గరికి తెచ్చుకునేవాడు, వాసన చూసేవాడు, ఒక్కోసారి నమిలి ఉమ్మేసేవాడు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు జరిగి కూర్చునేవాళ్లు.

మనుషులకు ఒక విచిత్రమైన అవస్థ ఉంది. మొక్క తన పాటికి తాను పూస్తూ ఉంటుంది. వీళ్లకు మాత్రం దాని పేరు తెలిసేదాకా నిద్ర పట్టదు. పేరంటే మామూలు పేరు కాదు, రెండు మాటల పేరు. మొదటి మాట మన ఇంటిపేరు లాంటిది, ఆ జాతి మొత్తానికి ఉమ్మడి. రెండో మాట ఆ మొక్కకే సొంతం. పేరు పెట్టేసి ఊరుకుంటే చాలదు. ఏ కొమ్మను చూసి ఆ పేరు పెట్టారో ఆ కొమ్మను ఎండబెట్టి, అట్టలాంటి కాగితానికి దారంతో కుట్టి, ఎర్ర అట్టలో పెట్టి హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కలు దాచే గదిలో, బీరువాలో దాచాలి. రేపు ఎవరికి అనుమానం వచ్చినా ఆ కాగితం దగ్గరికే రావాలి. అంటే ఆ పేరు ప్రాణం కొండ మీద ఉండదు, బీరువాలో ఉంటుంది. నాకిది మొదట్లో నవ్వు తెప్పించేది.

కొత్త మొక్క దొరికితే ఎవరి పేరైనా పెట్టవచ్చు. తన పేరు తాను పెట్టుకోకూడదు. ఎవరో పెట్టాలి. అది వీళ్ల మర్యాద. ఓబుళరెడ్డి తనకు దొరికిన కొత్త మొక్కలకు తన గురువు పేరు పెట్టాడు, పుట్టిన ఊరి పేరు పెట్టాడు, ఒకదానికి ఆ ఏడు పడిన వాన పేరు పెట్టాడు. ఆయన పేరు మాత్రం ఎవరూ పెట్టలేదు. స్టాఫ్ రూంలో జంతుశాస్త్రం లెక్చరర్ ఒకాయన టీ తాగుతూ అంటుండేవాడు:

"ఏమప్పా ఓబుళరెడ్డీ, నా పేరు మీద ఒక గొంగళిపురుగన్నా ఉండాది. నీకు గడ్డిపోస కూడా లేకపాయె!"

"నీ పురుగు తినేసింటాది లే నా గడ్డిని," అని నవ్వేవాడు ఈయన. ఆ నవ్వు గొంతు కింద ఆగిపోవడం నాకు తెలుస్తూ ఉండేది. నేను వేలాడేది అక్కడే కదా.

ఇంట్లో ఆయన భార్య సుభద్రమ్మ ఇంకో పాట. "కరివేపాకు చెట్టు ఎండిపోతాంటే నీళ్లు పోసే దిక్కు లేదు గానీ, కొండల్లో చెట్లకంతా బారసాల చేసొచ్చే మొగోడు మా ఇంటాయన."

ఆయన విద్యార్థులకు చెప్పే పాఠం ఒకటే. "ఆకును చూసి మోసపోతారు, పువ్వును చూసి పొంగిపోతారు. ఆ రెండూ కలిసే చోట చూడండ్రా." చెప్పి నన్ను వాళ్ల చేతికిచ్చేవాడు. వాళ్లు నన్ను మొక్క దగ్గర పట్టుకుని, కన్ను దూరంగా పెట్టి, "ఏం కనపడలేదు సార్" అనేవాళ్లు. నన్ను కంటికి ఆనించుకుని మొక్కను దగ్గరికి తెచ్చుకోవాలి. ఇంత చదివినవాళ్లకు ఇంత చిన్న సంగతి ఎందుకు తెలియదో!

ఆయన చివరి శిష్యుడు సుంకన్న. గైడు అంటే దేవుడు వాడికి. సార్ రిటైరయ్యే ఏడాదిలో సుంకన్న ఎర్రగుండం కొండకు ఒక్కడే పోయాడు. నేను సార్ మెడలో ఊళ్లోనే ఉన్నాను. తర్వాత నేను నా కంటితో చూసినదాన్ని బట్టి ఆ రోజు జరిగింది చెప్పగలను.

కొండ అంచున, చేయి సరిగా అందని చోట, జాన అనే పొద ఒకటి ఉంది. అప్పటికి దానికి పూలు లేవు. దాన్ని పెనవేసుకుని దారమంత సన్నటి తీగ ఒకటి పాకింది, దానికి తెల్లటి పూలు ఉన్నాయి. జల్లు పడుతోంది. సుంకన్న బండను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో అందినంత కొమ్మ విరిచి సంచిలో వేసుకున్నాడు. బసకు వచ్చి సంచి తీస్తే పూలు చాలావరకు రాలిపోయి ఉన్నాయి. రాలిన పూలను వీళ్లు పారేయరు. చిన్న కాగితం పొట్లంలో వేసి, అదే కొమ్మ పక్కన అంటిస్తారు. వాడూ అదే చేశాడు. ఒక పువ్వు మాత్రం తన తీగ ముక్కతో సహా కొమ్మను చుట్టుకునే ఉంది. ఎండాక ఆ తీగ ముక్క కొమ్మ బెరడులో కలిసిపోయింది.

అలా ఆకు ఒకదానిది, పువ్వు ఇంకొకదానిది. కాగితం మీద మాత్రం ఒకే మొక్క.

సుంకన్న పువ్వును నీళ్లలో ఉడికించి, విప్పి చూశాడు. తీగల జాతి అని తేలింది. ఆకును చూశాడు. ఆ జాతిలో పొదగా పెరిగేది, ఇలాంటి ఆకు ఉన్నది లోకంలో ఎక్కడా లేదు. ఉండదు మరి! ఆ వింతే వాడిని ఎగిరి గంతేయించింది. మామూలుగా అయితే మర్నాడే పరుగెత్తుకొచ్చి సార్‌కు చూపించేవాడు, సార్ నాలోంచి ఒక్క చూపు చూసి తేల్చేసేవాడు. కానీ వాడు చూపించలేదు. ఎందుకంటే ఆ మొక్కకు వాడు సార్ పేరు పెట్టదలచుకున్నాడు. రిటైరయ్యే రోజున, అందరి ముందు, సార్‌కు తెలియకుండా. ఆ తప్పును పట్టుకోగలిగిన ఒకే ఒక్క మనిషికి, ఆయన మీద ప్రేమకొద్దీ, దాన్ని దాచిపెట్టాడు. బొమ్మ గీయించి పత్రికకు పంపాడు. వాళ్లు బొమ్మను చూశారు, మెచ్చుకున్నారు, అచ్చువేశారు.

రిటైర్మెంటు సభలో శాలువాలు, దండలు అయ్యాక సుంకన్న ఎర్ర అట్ట పట్టుకుని వేదిక ఎక్కాడు. రెండు మాటల పేరు చదివాడు. రెండో మాట "ఓబుళరెడ్డియై", లాటిన్‌లో ఓబుళరెడ్డిది అని. హాలంతా చప్పట్లు. జంతుశాస్త్రం లెక్చరర్ అందరికన్నా గట్టిగా కొట్టాడు. వెనక వరసలో సుభద్రమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. సుంకన్న ఆనందంతో వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

ఓబుళరెడ్డి అలవాటు కొద్దీ నన్ను విప్పి, కంటికి ఆనించుకుని, కాగితం మీదికి వంగాడు. నేను ఉన్నది ఉన్నట్టు చూపించాను. ఆకు మీద వెంట్రుకలు నక్షత్రాల్లా ఉన్నాయి. పువ్వు కాడ మీద వెంట్రుకలు సూదుల్లా నిటారుగా ఉన్నాయి. రెండూ కలవాల్సిన చోట కలయిక లేదు. ఒకటి ఇంకొకదాన్ని చుట్టుకుని ఉంది, అంతే. ఆయన ఊపిరికి నా అద్దం మసకబారింది. ఆయన తుడవలేదు. చటుక్కున నన్ను మడిచి, మెడలోంచి దారం తీసి, ఏడుస్తున్న సుంకన్న మెడలో వేశాడు. గురువు శిష్యుడిని దీవించాడని అందరూ ఇంకోసారి చప్పట్లు కొట్టారు.

నన్ను వదిలించుకున్నాడని నాకొక్కదానికే తెలుసు.

సుభద్రమ్మ వీధంతా కజ్జికాయలు పంచిందని తర్వాత సుంకన్న చెబుతుంటే విన్నాను.

సుంకన్నకు పెళ్లయింది. భార్య పేరు నాగవేణి, డిగ్రీలో లెక్కలు చదివిన పిల్ల. ఆ ఇంట్లో నాకు పండగే పండగ. ఆమె నన్ను వంటింట్లోకి తీసుకుపోయి పంచదార పలుకు చూసింది. అద్దాల మేడ చూసినట్టు కేకేసింది. ఏలకులు, గసగసాలు, గోరింటాకు ఎర్రబారిన వేలి గీతలు, చీర జరీ, కిటికీలో వాన చినుకు. చూసిన ప్రతిదానికీ మొగుణ్ణి పిలిచేది.

"ఏమండీ, మీ మీసంలో ఒకటి తెల్లది ఉండాది."

"లెన్సు పెట్టి వెతికితే ఎవరికైనా ఉంటాది లే."

"నాకు లేదే!"

"నీకు మీసమే లేదు గదే."

నవ్వులు. నన్ను మంచం మీద విసిరేసి మరీ నవ్వులు. ఆ రోజుల్లో ఆ పొట్లంలోని పూల సంగతి నేను కూడా మరిచిపోవాలని చూశాను.

మరవనీయలేదు. ఆ మొక్క మళ్లీ ఎవరికీ దొరకలేదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి వెతికారు. దొరకదు కదా. ఒక సమావేశంలో అది అంతరించిపోయినట్టే అన్నారు. పేపర్లో రాశారు. దాని బొమ్మ గోడ పత్రికల మీదికి ఎక్కింది, "దీన్ని పోగొట్టుకున్నాం" అని కింద పెద్ద అక్షరాలతో. ఎన్నడూ పుట్టని మొక్క కోసం మనుషులు దుఃఖపడుతుంటే చూడటం నాకు వింతగా, బాధగా ఉండేది. దుఃఖం ఉన్నాక దానికి కారణం ఒకరు కావాలి. మేకలు తినేశాయన్నారు. ఎర్రగుండం వాలుకు ముళ్లతీగ కట్టించారు. మేకలు తోలుకునేవాళ్లను అటు రానివ్వలేదు.

సుంకన్నకు లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ రానుంది. ఆ కొత్త మొక్కే వాడి ముఖ్యమైన అర్హత. దాన్ని ఇంకొక్కసారి పట్టుకుంటే అటు ఉద్యోగానికీ బలం, ఇటు మొక్కా బతికున్నట్టు తేలుతుంది అని, నాగవేణిని తీసుకుని కొండకు బయల్దేరాడు. కొండ కింద ఈరమ్మ అనే ఆమె బక్కచిక్కిన మేకలతో రోడ్డు పక్కన కూర్చుని ఉంది.

"పోండి సామీ పోండి, మీకైతే దోవ ఇడుస్తారు," అంది. "మా తాతల కాలం నుంచి కంటితో చూడని చెట్టును మా మేకలు ఎట్ల తిన్నాయో గానీ, తిన్నాయంట. ఈ తట్టు మేత లేక సగం అమ్ముకున్నా."

సుంకన్న తల వంచుకుని నడిచాడు. పాపం, అప్పటికి వాడికీ తెలియదు.

పైన బండ మీద కూర్చుని నాగవేణి మంచినీళ్లు తాగుతూ, ఒక్కసారిగా కేక పెట్టింది. "ఏమండీ! మీ సార్ చెట్టు! ఇదిగో, పూసి ఉండాది!"

సుంకన్న పడుతూ లేస్తూ పరుగెత్తాడు. అదే ఆకు, అదే తెల్లటి పువ్వు. నాగవేణి సంబరంగా కొమ్మ పట్టుకుని వంచింది. పువ్వు తన తీగతో సహా జారి ఆమె ఎడమ చేతిలోకి వచ్చేసింది. ఆకుల కొమ్మ కుడి చేతిలో ఉండిపోయింది. ఆమె రెండు చేతులూ మార్చి మార్చి చూసుకుని ఫక్కున నవ్వింది.

"ఇదేందండీ, ఇవి రెండు!"

సుంకన్న నవ్వలేదు. నన్ను విప్పి ఆకును చూశాడు, పువ్వు కాడను చూశాడు. నక్షత్రాలు, సూదులు. ఊరికి వచ్చి నేరుగా హెర్బేరియానికి పోయి, ఎర్ర అట్ట విప్పి, ఏళ్ల తర్వాత మొదటిసారి ఆ రెండూ కలిసే చోట చూశాడు. సార్ చూసిన చోటే.

ఆ తర్వాత ఆ ఇంట్లో పంచదార పలుకును ఎవరూ చూడలేదు.

"సార్‌కు చెప్పేయండి," అంది నాగవేణి.

"ఏమని చెప్పేది? ఆయన జీవితకాలం తిరిగినందుకు దక్కింది ఆ ఒక్క పేరే. దాన్ని పెట్టింది నేనే, పీకేది నేనేనా?"

"ఇంకో మంచి చెట్టు చూసి మళ్లీ పెడుదురు గానీ."

"ఆ జాతిలో ఒకసారి వాడేసిన పేరు మళ్లీ ఇంకోదానికి పెట్టకూడదే. కొట్టేసినా సరే, అది ఖర్చయిపోయినట్టే. పైగా ఆ పువ్వు ఏందో తెలుసా? కంచెల మీద పాకే తీగ. ఊరికి నాలుగు దిక్కులా ఉంటాది. ఆయన పేరు పోయి దాని పాత పేరు కింద కలిసిపోతాది."

నాగవేణి అంది, "ఈరమ్మ మేకలు ఇంకా ఎన్ని మిగిలినాయో!"

నేను మేకుకు వేలాడుతూ విన్నాను. గురువుకు తెలుసునని శిష్యుడికి తెలియదు. శిష్యుడికి తెలిసిందని గురువుకు తెలియదు. ఒకరి సంతోషాన్ని ఒకరు కాపలా కాస్తున్నారు. ఇద్దరి కళ్లకూ ఆనిన అద్దాన్ని నేను. నాకు నోరు లేదు.

చివరికి నాగవేణే సుంకన్నను సార్ ఇంటికి లాక్కుపోయింది. సుభద్రమ్మ బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టింది. గోడ మీద ఆ మొక్క బొమ్మను అద్దం కట్టించి తగిలించి ఉన్నారు. సుంకన్న పళ్లెంలో బొరుగులను అటూ ఇటూ తోస్తూ కూర్చున్నాడు.

"ఏందిరా, పెండ్లయినాక ఆకలి కూడా ఆమెకే రాసిచ్చినావా?" అన్నాడు ఓబుళరెడ్డి.

నాగవేణి సంచిలోంచి కొత్తగా కోసుకొచ్చిన జాన కొమ్మ తీసి, దాని పక్కనే ఆ పూల తీగ తీసి, ఆయన ముందు బల్ల మీద విడివిడిగా పెట్టింది. నన్ను కూడా పెట్టింది.

"కొండ మీద రెండూ ఒకచోటే దొరికినాయి సార్. చూడండి."

ఆయన నన్ను ముట్టుకోలేదు.

"చూసే పని లేదు మా. ఆ దినమే చూసినా."

సుంకన్న తలెత్తాడు. "ఏ దినం సార్?"

"స్టేజీ మీద. నువ్వు ఏడుస్తాంటివి. మా ఇంటామె వెనకాల కూర్చోని ఏడుస్తాంది. ఒక్క దినం ఉండనీలే, రేపు చెప్దాం అనుకున్నా." ఆయన గోడ మీద బొమ్మ వైపు చూడకుండా మాట్లాడుతున్నాడు. "ఆ రేపు రాలేదు రా."

వంటింటి గడపలో సుభద్రమ్మ చేతిలో బజ్జీల గిన్నెతో నిలబడిపోయింది. "అంటే... ఆ చెట్టు లేదా?"

"రెండుండాయి. నాది లేదు."

"మేకలోళ్లను కొండకు రానిస్తాలేదు సార్," అంది నాగవేణి. ఆయనకు ఆ సంగతి తెలియదు. ముళ్లతీగ గురించి, ఈరమ్మ గురించి విన్నాక, తినడం మధ్యలో ఆపి లేచి చేయి కడుక్కున్నాడు. "పదండి," అన్నాడు.

హెర్బేరియంలో తప్పును ఎవరూ చెరపరు. కాగితం చించరు, పాత పేరు కొట్టేయరు. పక్కన ఒక చిన్న చీటీ అంటిస్తారు, నిజం ఇదీ అని రాసి, కింద చూసినవాళ్ల పేరు పెడతారు. తప్పూ దిద్దుబాటూ ఒకే కాగితం మీద కలకాలం పక్కపక్కనే కాపురం చేస్తాయి. ఎర్ర అట్ట కూడా తీయరు.

సుంకన్న చీటీ తీసుకుని పెన్ను తెరిచాడు. "నేను రాస్తా సార్. పెట్టింది నేనే కదా. మీ పేరు ఇందులో వద్దు."

"నీకు ఇంటర్వ్యూ ఉండాది."

"ఉంటే ఉండనీండి."

"నువ్వు తెలియక చేసినావు, నేను తెలిసి ఊరకున్నా. చీటీ నాది. ఇటియ్యి."

ఆకు జాన పొదది, పువ్వు కంచె తీగది, ఇట్లాంటి మొక్క లేదు అని ఆయన రాశాడు. అక్షరాలు వంకర పోయాయి. పేరు రాసేటప్పుడు మాత్రం చేయి కుదురుగా ఉంది. బంక రాసి, పాత పేరుకు సరిగ్గా కింద అంటించి, అరచేత్తో చాలాసేపు అదిమి పట్టుకున్నాడు.

ఆ దిద్దుబాటు ఇద్దరి పేర్లతో పత్రికలో చివరి పేజీలో అచ్చయింది. ఇంటర్వ్యూలో సుంకన్నను ఆ మొక్క గురించే అడిగారు; వాడు ఉన్నది చెప్పాడు; ఉద్యోగం రాలేదు. ఇప్పుడు జూనియర్ కాలేజీలో చెబుతున్నాడు. ముళ్లతీగ తీయమని ఇద్దరూ కలిసి ఆఫీసుల చుట్టూ తిరిగారు. పైనుంచి ఆర్డరు రావాలన్నారు. ఎప్పుడో వచ్చింది. అప్పటికి ఈరమ్మ దగ్గర మేకలు లేవు. గోడ పత్రికలు మాత్రం కొన్ని బళ్లలో ఇప్పటికీ ఉన్నాయట. పోగొట్టుకున్నామని పిల్లలు ఇప్పటికీ చదువుతున్నారు.

నన్ను నాగవేణి హెర్బేరియంలోనే వదిలేసింది. ఓబుళరెడ్డి వారంలో కొన్ని రోజులు బస్సెక్కి వచ్చి, ఎవరూ పట్టించుకోని పాత కట్టలు విప్పి, ఒక్కో కాగితాన్నీ నాలోంచి చూస్తూ కూర్చుంటాడు. సుభద్రమ్మ డబ్బాలో చిత్రాన్నం పెట్టి పంపిస్తుంది. గోడ మీది బొమ్మ గురించి ఆమె ఆయన్ను ఏమీ అడగలేదు. ఆయనా తీయలేదు.

మొన్న ఎక్కడి నుంచో ఒక పరిశోధక విద్యార్థిని వచ్చింది. ఎర్ర అట్ట విప్పి, మొక్క పేరు చదివి, దాని కింద చీటీ చదివి, మళ్లీ పైకి చూసింది. పక్క బల్ల దగ్గర వంగి పని చేసుకుంటున్న ముసలాయనను అడిగింది:

"సార్, ఇందులో పైన ఒక ఓబుళరెడ్డి, కింద ఒక ఓబుళరెడ్డి ఉన్నారు. ఇద్దరూ ఒకరేనా?"

ఆయన నన్ను కంటి నుంచి తీయలేదు.

"ఒకరే మా," అన్నాడు. "కింద ఉన్నోడి మాట నమ్ము."